తప్పు కాచే కర్ర కొనండి

మొదటి ఉద్యోగం. చేతికొచ్చే జీతం 32 వేలు. చేరిన ఆరో నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చి, "వచ్చే నెల క్లయింట్లతో గోల్ఫ్ డే ఉంది, నువ్వూ రా. నాలుగు పరిచయాలవుతాయి" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా గోల్ఫ్ అంటే టీవీలో చానెల్ మార్చేటప్పుడు కనిపించే పచ్చగడ్డి మాత్రమే.

ఆదివారం ఒక స్పోర్ట్స్ షాపుకి వెళ్లాను. సేల్స్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, తళతళలాడే ఒక సెట్ ముందు నిలబెట్టాడు. "ప్రొఫెషనల్స్ వాడేవి ఇవే సార్. ఒకసారి కొంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ధర లక్షా 20 వేలు. నెలకు పది వేల పైచిలుకు చొప్పున ఏడాది ఈఎంఐ. సంతకం పెట్టేశాను.

అదే నెల మా చెల్లి బీటెక్ రెండో ఏడాది ఫీజు కట్టాలి. నాన్న ఫోన్ చేసి "ఓ పాతిక వేలు సర్దగలవా?" అని అడిగారు. "ఈ నెల కుదరదు నాన్నా" అన్నాను. ఎందుకు కుదరదో చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. అప్పు చేసి పప్పుకూడు తినడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇక ఆట సంగతి. డ్రైవింగ్ రేంజ్‌లో ఇరవై బంతులు కొడితే నాలుగు లేచాయి. మిగతావి నేల మీదే పాక్కుంటూ పోయాయి. కొట్టిన ప్రతిసారీ కరెంటు షాక్ కొట్టినట్టు చేతులు జివ్వుమనేవి. అక్కడ పనిచేసే ఒక క్యాడీ అన్న చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "కర్ర మంచిదే సార్. మీకే దానికి ఇంకా టైముంది."

ఈ మాట విలువ లక్షా 20 వేలు. మీకు ఉచితంగా చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఈ పేజీలో గోల్ఫ్ ఎందుకు?

క్యాంపస్ సీజన్ మొదలవగానే ఎవరో ఒక సీనియర్ "గోల్ఫ్ నేర్చుకో, కెరీర్‌కి మంచిది" అనడం మామూలే. సేల్స్, బ్యాంకింగ్, కన్సల్టింగ్, రియల్ ఎస్టేట్ రంగాల్లో ఈ మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. సైన్యంలో అధికారులుగా వెళ్లేవాళ్లకు చాలా కంటోన్మెంట్లలో గోల్ఫ్ మైదానాలు ఎదురవుతాయి. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయాఖిలాలో, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో తెలుగువాళ్లు ఆడుతూనే ఉన్నారు. అమెరికాకు ఎంఎస్‌కి వెళ్లే పిల్లలకైతే ఊరికో పబ్లిక్ కోర్స్ కనిపిస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. గోల్ఫ్ మీద ఇష్టముంటే తప్పకుండా ఆడండి. ఇష్టం లేకపోతే కెరీర్ కోసమని బలవంతంగా ఆడొద్దు. ఏదైతేనేం, మొదటి జీతాలతో ఖరీదైన సెట్ మాత్రం కొనొద్దు. డబ్బు దండగని మాత్రమే ఈ మాట అనడం లేదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ ఖరీదైన కర్ర నిజంగానే పనికిరాదు. ఎందుకో చూద్దాం.

హ్యాండిక్యాప్ అంటే సిగ్గుపడాల్సింది కాదు

సాధారణంగా ఒక గోల్ఫ్ కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. చాలా కోర్సుల్లో వాటిని 72 షాట్లలో పూర్తిచేయాలని లెక్క. దాన్నే పార్ అంటారు. బాగా ఆడిన రోజుల్లో మీకు పార్ కన్నా ఎన్ని షాట్లు ఎక్కువ పడుతున్నాయో, దాదాపుగా అదే మీ హ్యాండిక్యాప్. 28 హ్యాండిక్యాప్ ఉన్నవాడు, ఆట కుదిరిన రోజున, వంద షాట్ల దగ్గర ముగిస్తాడు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం ఇది 54 దాకా ఉండొచ్చు. అంటే ఒక్కో హోల్‌కు మూడేసి షాట్లు ఎక్కువ పట్టేవాడికి కూడా ఈ ఆటలో చోటుంది. ఇంతకన్నా ఉదారమైన ఎంట్రెన్స్ మన దేశంలో ఏ కోర్సుకీ లేదు!

మరి హ్యాండిక్యాప్ ఎక్కువున్నవాడికీ ప్రొఫెషనల్‌కీ తేడా ఎక్కడ? బంతి కర్రకు ఎక్కడ తగులుతుందన్న దగ్గర. ప్రొఫెషనల్ పదికి తొమ్మిదిసార్లు కర్ర తల నడిమధ్యనే కొడతాడు. మనకు ఒకసారి కొసన తగులుతుంది, ఒకసారి మడమన తగులుతుంది, ఒకసారి బంతి వెనకున్న మట్టికి తగులుతుంది. కాబట్టి మనకు కావలసింది మధ్యలో కొడితే అద్భుతంగా పోయే కర్ర కాదు. పక్కన తగిలినా ఫర్వాలేదనిపించేలా పోయే కర్ర. మన మాటలో చెప్పాలంటే, తప్పు కాచే కర్ర.

చెప్పుల కొట్టు నుంచి వచ్చిన ఇంజినీర్

ఈ తప్పు కాచే గుణం వెనక ఒక ఉద్యోగి కథ ఉంది. కార్స్టన్ సోల్‌హైమ్ 1911లో నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగాడు. డబ్బు లేక కాలేజీ చదువు మధ్యలో ఆపేసి, చెప్పుల కొట్టు నడిపాడు. తర్వాత ఇంజినీరై జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరాడు. గోల్ఫ్ మొదలుపెట్టింది 42 ఏళ్లకు, అదీ తోటి ఉద్యోగుల బలవంతం మీద. పటింగ్, అంటే గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించడం, ఆయనకు బొత్తిగా కుదిరేది కాదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని మనం నవ్వేస్తాం. సోల్‌హైమ్ మాత్రం మద్దెలను విప్పి చూశాడు. పటర్ తల బరువంతా మధ్యలోనే ఉంటే, బంతి కాస్త పక్కన తగలగానే తల మెలి తిరుగుతోంది. ఆ బరువును రెండు కొసలకూ జరిపితే మెలిక తగ్గుతుంది. తాడు మీద నడిచే అమ్మాయి చేతిలో పొడవాటి వెదురు గెడ ఎందుకుంటుందో ఇదీ అందుకే. మెకానికల్ వాళ్లకు మూమెంట్ ఆఫ్ ఇనర్షియా గుర్తొచ్చే ఉంటుంది. 1959లో ఆయన చేసిన పటర్ బంతిని తాకినప్పుడు "పింగ్" మని మోగేది. ఆ మోతే కంపెనీ పేరైంది. 1967లో ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే దిగాడు. అదే సూత్రాన్ని ఐరన్లకూ పట్టించాడు.

ఇవాళ షాపులో ఐరన్ వెనక్కి తిప్పి చూడండి. వెనకభాగం గిన్నెలా లోపలికి తొలిచి, బరువు అంచుల చుట్టూ ఉంటే అది కేవిటీ బ్యాక్. మనకోసం చేసింది. వెనక నున్నగా, కత్తిలా పలచగా ఉంటే అది బ్లేడ్. చూడ్డానికి అందం, ఆడ్డానికి కష్టం. నాకు అంటగట్టింది బ్లేడ్లే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టయింది నా పని.

పద్నాలుగు కాదు, ఏడు చాలు

ఆట నియమాల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. కనీసం ఇన్ని ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. అయినా అందరూ 14 కొంటారు. బిర్యానీ పాయింట్‌లో ఫ్యామిలీ ప్యాక్ తీసుకున్నట్టు!

స్పెయిన్‌కు చెందిన సెవ్ బాయెస్టెరోస్ చిన్నప్పుడు పెడ్రెన్యా ఊరి ఇసుక తీరంలో ఒకే ఒక 3 ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. తర్వాత ఐదు మేజర్ టైటిళ్లు గెలిచాడు. మీరూ 3 ఐరన్ కొనమని కాదు సుమా, అది అన్నిటికన్నా మొండి కర్రల్లో ఒకటి. తక్కువ కర్రలతో ఆట రాదనే భయం వద్దని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మొదటి ఏడాదికి నా లెక్క ఇదీ:

డ్రైవర్ ఒకటి. దాని ముఖం వాలు, అంటే లాఫ్ట్, పదిన్నర డిగ్రీలకు తగ్గకూడదు. పన్నెండైతే ఇంకా మంచిది. వాలు తక్కువైతే బంతి లేవదు, పక్కకు తిరగడమూ ఎక్కువే.

హైబ్రిడ్ ఒకటి, 4 గానీ 5 గానీ. పొడుగాటి 3, 4 ఐరన్ల పని ఇది చేస్తుంది. గడ్డిలో కూరుకున్న బంతిని కూడా తేలిగ్గా లేపుతుంది.

ఐరన్లలో 7, 9, పిచింగ్ వెడ్జ్. మూడూ ఒకే సెట్‌లోవి, కేవిటీ బ్యాక్‌వి.

శాండ్ వెడ్జ్, 56 డిగ్రీలది. బంకర్లోంచి బయటపడాలన్నా, గ్రీన్ అంచున బంతిని గాల్లోకి లేపి దించాలన్నా ఇదే.

చివరగా పటర్.

మొత్తం ఏడు. బ్యాగు తేలిక, భుజాన వేసుకుని నడవొచ్చు. ఏ కర్ర తీయాలా అన్న తర్జనభర్జన కూడా తగ్గుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. గత కొన్ని దశాబ్దాల్లో కంపెనీలు ఐరన్ల వాలు తగ్గించుకుంటూ వచ్చాయి. ఒకప్పుడు 48 డిగ్రీలుండే పిచింగ్ వెడ్జ్ ఇప్పటి కొన్ని సెట్లలో 43, 44కి వచ్చింది. "ఈ కొత్త సెట్‌తో దూరం పెరుగుతుంది సార్" అనే మాటలో సగం గుట్టు ఇదే. కర్ర మీద రాసిన అంకె అదే, లోపల కొలత మారింది. 44 డిగ్రీల వెడ్జ్ పక్కన 56 పెడితే మధ్యలో పెద్ద ఖాళీ వస్తుంది. అప్పుడు 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి కలుపుకోవాలి. అందుకే కొనేముందు అంకె కాదు, డిగ్రీ అడగండి.

పాతది కొంటే తప్పేంటి?

ఏమీ లేదు. పైగా తెలివైన పని. కారణం నియమాల్లోనే ఉంది. డ్రైవర్ తల పరిమాణం 460 సీసీ దాటకూడదు. దాని ముఖానికి ఎంత స్ప్రింగ్ గుణం ఉండొచ్చో కూడా హద్దుంది. కంపెనీలు ఈ హద్దులను ఎప్పుడో చేరుకున్నాయి. కాబట్టి ఐదారేళ్ల నాటి మంచి డ్రైవర్‌కీ నిన్న విడుదలైనదానికీ మధ్య తేడా ప్రొఫెషనల్‌కి అక్కరకొస్తుందేమో గానీ, పదిలో ఆరు షాట్లు పొదల్లోకి కొట్టే మనకు కాదు.

కోర్సుల్లో ప్రో షాపుల దగ్గర, క్యాడీల దగ్గర అడిగితే పాత సెట్లు దొరుకుతాయి. రెండేళ్లకోసారి సెట్ మార్చే సభ్యులు ఎప్పుడూ ఉంటారు. కొత్తవే కావాలంటే డెకాథ్లాన్‌లో ఇనెసిస్ పేరుతో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన క్లబ్బులున్నాయి. అమెరికా వెళ్లే విద్యార్థులు ఇక్కడినుంచి ఏమీ మోసుకెళ్లొద్దు. అక్కడ థ్రిఫ్ట్ స్టోర్లలో, పాత క్లబ్బులు అమ్మే దుకాణాల్లో కొద్ది డాలర్లకే దొరుకుతాయి.

పాతవి కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముఖం మీద గీతలు బాగా అరిగిపోయాయా? కర్రను కళ్లకెదురుగా పట్టి చూడండి, వంపు ఉందా? ఊపితే తలలో గలగల మంటోందా? ఐరన్లన్నిటికీ ఒకే రకం షాఫ్ట్ ఉందా, లేక అతుకుల బొంతా? గ్రిప్ గట్టిపడి జారుతుంటే భయపడక్కర్లేదు, మార్పించొచ్చు. దాన్ని చూపించి బేరం ఆడొచ్చు కూడా. ఆన్‌లైన్‌లో పెద్ద బ్రాండ్ సెట్ నమ్మలేనంత చవగ్గా కనిపిస్తే నమ్మకండి. గోల్ఫ్‌లో నకిలీలు చాలా ఎక్కువ. సీరియల్ నంబర్ చూపించమనండి, చూపించకపోతే వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, రేంజ్‌లో పాతిక బంతులైనా కొట్టి చూడకుండా కొనొద్దు. షాఫ్ట్ మీద స్టిఫ్, రెగ్యులర్ అని రాసుంటుంది. స్టిఫ్ అంటే గొప్ప అనుకుని నేను అదే తీసుకున్నాను. అది వేగంగా ఊపేవాళ్లకు. డ్రైవర్ ఊపు గంటకు సుమారు 95 మైళ్లు దాటనివాళ్లకు రెగ్యులర్ చాలు. కొత్తవాళ్లలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. అమ్మాయిల కర్ర, అబ్బాయిల కర్ర అనే లేబుళ్లను కూడా పట్టించుకోకండి. మీ ఎత్తు, మీ ఊపు, అంతే లెక్క.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

పార్ లెక్కలో హోల్‌కు రెండు పట్లు కలిపే ఉంటాయి. అంటే 72లో 36 షాట్లు పటర్‌వే. డ్రైవర్ మహా అయితే 14 సార్లు బయటికొస్తుంది. అయినా మనం డబ్బు తగలేసేది డ్రైవర్ మీద, సాధన చేసేదీ డ్రైవర్‌తోనే. దూరం కొడితే పక్కవాళ్లు చూస్తారు కదా!

2021 ఆగస్టు 7 గుర్తుందా? నీరజ్ చోప్రా బంగారు పతకం తెచ్చిన రోజు. అదే రోజు తెల్లవారుజామునే, గోల్ఫ్ అంటే తెలియనివాళ్లు కూడా టీవీల ముందు కూర్చున్నారు. టోక్యోలో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క షాట్ తేడాతో పతకం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది. తనకన్నా చాలా దూరం కొట్టే క్రీడాకారిణుల మధ్య ఆమెను అక్కడిదాకా తెచ్చింది గ్రీన్ దగ్గరి ఆట, ముఖ్యంగా పటర్.

కోల్‌కతా అబ్బాయి ఎస్ఎస్‌పీ చౌరాసియా సంగతీ అంతే. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి సంరక్షణ చూసే ఉద్యోగి. చౌరాసియా క్యాడీగా మొదలై 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. ఆయనకు పేరు తెచ్చింది కూడా చిప్పింగ్, పటింగే.

కాబట్టి మీ దగ్గర 30 వేలున్నాయనుకోండి. అందులో సగం మించకుండా కర్రలకు పెట్టండి. మిగతాది నాలుగైదు పాఠాలకూ రేంజ్ బంతులకూ ఉంచుకోండి. మొదట్లో ఖరీదైన బంతులు కొనొద్దు, అవి చెరువులో పడేవే.

"పాత కర్రలతో వెళ్తే పరువు పోదా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది జూనియర్లు అడిగారు. నేను కూడా ఆ రోజు షాపులో నన్ను నేను అడుక్కున్నది ఇదే. ఇన్నేళ్లు ఆడాక జవాబు చెబుతున్నాను. నాలుగు గంటలపాటు మీతో నడిచే పెద్దమనిషి మీ బ్యాగు మీద బ్రాండ్ పేరు మొదటి ఐదు నిమిషాల్లో మర్చిపోతాడు. ఆయన గమనించేవి వేరే ఉంటాయి. పక్కవాడు కొడుతున్నప్పుడు మీరు కదలకుండా ఉన్నారా? బంకర్లో మీ అడుగుల గుర్తులు చదును చేశారా? వెనక వచ్చేవాళ్లను ఆపకుండా చకచకా నడుస్తున్నారా? క్యాడీతో మర్యాదగా మాట్లాడారా? పొదల వెనక ఎవరూ చూడని చోట నాలుగు షాట్లు పడితే, వచ్చి నాలుగని చెప్పారా, మూడని చెప్పారా? గోల్ఫ్‌లో మామూలుగా అంపైర్ పక్కన ఉండడు. మీ లెక్క మీరే చెప్పాలి. ఇవన్నీ బాగుంటే మీ హ్యాండిక్యాప్ 40 అయినా మళ్లీ పిలుస్తారు. ఇవి బాగోకపోతే రెండు లక్షల సెట్ కూడా కాపాడదు.

గోల్ఫ్ చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్లు నాకు ఇంతవరకూ కనిపించలేదు. ఆ గోల్ఫ్ డేలో నాకైన పరిచయం కూడా ఒక్కటే: నా బంతులు వెతికిపెట్టిన క్యాడీ అన్న.

ఎనిమిది నెలల తర్వాత నా బ్లేడ్ల సెట్ 55 వేలకు అమ్మేశాను. మిగిలిన ఈఎంఐలు తీర్చేశాను. ఆ క్యాడీ అన్నే ఒక సభ్యుడి పాత హాఫ్ సెట్ 14 వేలకు ఇప్పించాడు. కేవిటీ బ్యాక్, రెగ్యులర్ షాఫ్ట్, గ్రిప్‌లు మాత్రం మార్పించాను. మొదటి రోజే ఇరవైలో పదకొండు బంతులు లేచాయి. నేను మారలేదు, ఊపు మారలేదు. కర్ర నా తప్పులు కాచింది, అంతే. ఆ ధైర్యంతోనే ఊపు కూడా మెల్లగా దారికొచ్చింది.

చెల్లి ఫీజుకు ఆ నెల నాన్న చేబదులు తెచ్చారని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఆ పాతిక వేలు వడ్డీతో సహా ఆయన చేతిలో పెడితే, "ఇప్పుడెందుకురా" అన్నారు. అప్పుడే గోల్ఫ్ సెట్ సంగతి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, "బాగా ఆడుతున్నావా మరి?" అని మాత్రం అడిగారు.

వంద లోపు కొట్టడం మొదలైంది నాన్నా, అన్నాను. ఆయనకు అది మంచో చెడో అర్థం కాలేదు. క్రికెట్ లెక్కలో అయితే సెంచరీ మిస్సయినట్టే కదా!